ఏడో గడిలో నీళ్ళు

ఎర్రగుండం మున్సిపాలిటీ బండ్ల షెడ్డులో గాలి మిషన్ చూసుకునే మద్దిలేటి ఆ రోజు ఫారం మీద ఒక్క అబద్ధం రాసి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. అందరిలాగే 'సరి' అని గీకి సంతకం పెట్టేస్తే సరిపోయేది. కానీ అతను నిజం రాశాడు. అదీ కొలిచి మరీ రాశాడు.

మద్దిలేటి మొదట్నుంచీ అంతే. బస్టాండు పక్కన పద్దెనిమిదేళ్ళు పంక్చర్ అంగడి నడిపినవాడు. టైరులో గాలి కాస్త తక్కువైనా ఒప్పుకోడు, ఎక్కువైనా ఒప్పుకోడు. ఆ పేరు విని మున్సిపాలిటీ వాళ్ళు పిలిచి షెడ్డులో పెట్టుకున్నారు. షెడ్డులో ఉన్నవి నాలుగు నీళ్ళ ట్యాంకర్లు, ఒక చెత్త ట్రాక్టరు, ఆ గాలి మిషన్.

ఎర్రగుండంలో కుళాయిలు లేవని కాదు. వీధికి రెండున్నాయి. జనం వాటికి మేకల్ని కట్టేసుకుంటారు. నీళ్ళు మాత్రం ట్యాంకర్లో రావలసిందే, వీధికి వారానికొకసారి. మద్దిలేటి ఉండే సున్నపుబట్టీల వీధికి శుక్రవారం వంతు. ఊరికి ఆ చివర, రాళ్ళు తేలిన దారిలో, నాలుగో నంబరు ట్యాంకరు ఊగుకుంటూ వస్తుంది. అతని భార్య సుంకులమ్మ గురువారం పొద్దు గూకకముందే పదకొండు బిందెలు తోమి గడప ముందు బారుగా పెడుతుంది. వారం మొత్తానికి వంటకూ, తాగడానికీ, స్నానాలకూ ఆ పదకొండు బిందెలే. ఆ రాళ్ళ దారిలో టైర్లు ఊరికే దిగిపోతాయి. కనుక ఆ బిందెలు నిండటానికీ మద్దిలేటి గాలి మిషన్‌కీ నేరుగా సంబంధం ఉంది. ఈ సంగతి సుంకులమ్మకు తెలుసు, మద్దిలేటికి తెలుసు. ఆఫీసుకే ఎప్పుడూ తట్టలేదు.

మిషన్ పెద్దదేం కాదు. పెయ్యదూడంత ఉంటుంది. కింద రెండు చక్రాలు, పైన మోటారు, మధ్యలో నీలం రంగు ట్యాంకు. ఎక్కడికి కావాలంటే అక్కడికి లాక్కుపోవచ్చు. మద్దిలేటి దానికి పొద్దున్నే నూనె చూస్తాడు. వారానికోసారి గాలి పీల్చే జల్లెడ విప్పి దుమ్ము దులుపుతాడు. బెల్టు మీద జాలీ లేకుండా మోటారు వెయ్యడు. అరగంట ఆడితే కాసేపు చల్లారనిస్తాడు. ట్యాంకు నెత్తిన సేఫ్టీ వాల్వు ఉంటుంది. లోపల ఒత్తిడి మరీ ఎక్కువైతే బుస్సుమని వదిలేసేది అదే. దాని రింగు పట్టుకుని లాగి, పనిచేస్తోందో లేదో చూసుకుంటాడు. ఎవరైనా చొక్కా మీది దుమ్ము ఊదమని వస్తే గాలి పైపు వెనక్కి దాచేసి, "కంట్లోనో చెవులోనో పడితే బతుకు పోతాది, పో నాయనా" అని తరిమేస్తాడు. సాయంత్రం ట్యాంకు అడుగున ఉన్న చిన్న కాక్ తిప్పి, అందులో చేరిన నీళ్ళు వదిలేస్తాడు. ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే చేసేవాడు.

ఇలా ఉండగా ఎక్కడో వేరే జిల్లాలో ఒక గాలి మిషన్ ట్యాంకు పేలింది. నీళ్ళు వదలకపోవడంతో లోపల తుప్పు పట్టి, రేకు పలచబడి, ఒక మధ్యాహ్నం కప్పు చీల్చుకుని పైకి లేచింది. మనుషులకేం కాలేదు. ట్యాంకు పోయి ఒక జీపు మీద పడింది. జీపు ఆఫీసరుది కావడంతో సర్క్యులర్ నాలుగు రోజుల్లోనే వచ్చేసింది.

యంత్ర భద్రతా సంచాలకులు వసుంధరాదేవి గారు సంతకం చేసిన ఆ సర్క్యులర్ మూడు పేజీలు. దాంతో పాటు రోజూ నింపవలసిన ఫారం ఒకటి, పదకొండు గళ్ళు. నూనె ఎంత ఉంది, వాల్వు లాగి చూశారా, ఇలా. ఏడో గడిలో 'ట్యాంకు అడుగు నుండి తీసిన నీరు, మిల్లీలీటర్లలో.' తొమ్మిదో గడిలో 'దినాంతమున మిగిలిన ఒత్తిడిని ఎవరికీ హాని కలుగని సురక్షిత స్థలమున విడుదల చేసితిరా? ఎచ్చట?'

మద్దిలేటి ఆ సర్క్యులర్‌ని మూడుసార్లు చదివాడు. "రాసిన తల్లి ఎవరో గాని, పని తెలిసిన మనిషి" అనుకుని మురిసిపోయి, మైదాపిండి జిగురుతో షెడ్డు గోడకు అంటించాడు. ఎర్రగుండంలో ఆ సర్క్యులర్ చదివిన మనిషి అతనొక్కడే. దగ్గుమందు సీసా ఒకటి కడిగి తెచ్చుకుని, దాని మూత గీతలతో కొలిచి, ఏడో గడిలో నూట అరవై అని రాశాడు. వానలు పడే రోజులు కాబట్టి గాలిలో తేమ బాగానే ఉంది.

ఫారం ఆఫీసులో గుమాస్తా వరదరాజులు దగ్గరికి వెళ్ళింది. వరదరాజులు నియమం కలవాడు. ఏ విషయం ఏ విభాగానికి చెందుతుందో ఆ విభాగానికే పోవాలని అతని పట్టుదల. కనుక ఫారంలో నూనె గడిని స్టోర్సుకి పంపాడు. మోటారు గడిని కరెంటు విభాగానికి పంపాడు. ఏడో గడిలో నీళ్ళున్నాయి కాబట్టి దాన్ని నీటి సరఫరా విభాగానికి పంపాడు. నెలాఖరుకి ఊరి నీటి వనరుల నివేదిక తయారైంది. చెరువు: లేదు. బోర్లు: ఏడు, ఎండినవి ఏడు. కొనుగోలు నీరు: ట్యాంకర్ల ద్వారా. గాలి మిషన్: నాలుగు లీటర్ల ఎనిమిది వందల మిల్లీలీటర్లు. ఆ నెలలో ఊళ్ళో కొత్తగా పుట్టిన నీరు అదొక్కటే.

మర్నాడు కమిషనర్ చిదంబరరావు గారు స్వయంగా షెడ్డుకి వచ్చారు. షెడ్డు ఎక్కడుందో ఆయనకు డ్రైవరు చూపించవలసి వచ్చింది.

"ఇదేనా ఆ వనరు?" అన్నారు మిషన్ చుట్టూ తిరుగుతూ.

"ఇది గాలి మిషన్ సార్."

"గాలి పీలుస్తుంది. నీరు ఇస్తుంది. అవునా, కాదా?"

"ఇయ్యడం కాదు సార్. గాలిలో తేమ ఉంటాది గదా. ఒత్తిడి పెడితే అడుగున దిగుతాది. తియ్యకుంటే ట్యాంకు తుప్పు పడతాది. దాని కోసం తీసి పారబోసేదే."

కమిషనర్ గారు మద్దిలేటి వైపు జాలిగా చూశారు. "పారబోస్తున్నావా? కరువు ప్రాంతంలో?"

మద్దిలేటి ఆ నీళ్ళలో నూనె ఉంటుందనీ, తుప్పు ఉంటుందనీ, మేకలు కూడా ముట్టవనీ చెప్పి చూశాడు. కమిషనర్ గారు నమూనాని పరీక్షకు పంపించారు. నీటిలో ఇనుము అధికంగానూ, కొవ్వు పదార్థాలు మోస్తరుగానూ ఉన్నట్టు పది రోజుల్లో ఫలితం వచ్చింది. "చూశారా, బలవర్ధకం" అన్నారు కమిషనర్ గారు సమావేశంలో. ఆ రోజే దానికి 'వాయుగంగ' అని పేరు పెట్టారు. మిషన్ ముందు అంతకంటే పెద్ద బోర్డు లేచింది.

బోర్డుతో ఆగితే మద్దిలేటి కూడా నవ్వుకుని ఊరుకునేవాడు. వెనకే ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు యంత్రము ఇకపై నీటి విభాగమునకు చెందును. నీటి విభాగపు గాలిని రవాణా విభాగపు టైర్లకు మళ్ళించుట నిబంధనలకు విరుద్ధము. మళ్ళించినవారు చర్యకు బాధ్యులగుదురు."

మద్దిలేటి ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకి పరుగెత్తాడు. "సార్, ట్యాంకు నిండితే మోటారు ఆపేయల్ల. లోపలి గాలి బైటికి పోతేనే కొత్త గాలి వస్తాది, నీళ్ళు దిగుతాయి. ఆ పోయే గాలి ఏదో టైరులోకి పోతే మనకేం నష్టం సార్?"

"పోనివ్వు. ఆరుబయటికి పోనివ్వు" అన్నారు కమిషనర్ గారు. "గాలి ప్రజలది. ప్రజల్లోకే పోతుంది. టైరులోకి పోతే మాత్రం అది మళ్ళింపు."

"అంటే గాలి మిషన్‌తో గాలి కొట్టకూడదా సార్?"

"ఇన్నాళ్ళకు అర్థం చేసుకున్నావు" అని ఆయన సంతోషించారు.

బయట పంక్చర్ అంగట్లో కొట్టించుకుందామని నాలుగో నంబరు ట్యాంకరు డ్రైవరు దస్తగిరి అడిగాడు. మున్సిపాలిటీకి సొంత గాలి మిషన్ ఉండగా ప్రైవేటు గాలి వాడకూడదని దానికీ జవాబు వచ్చింది. ఇద్దరూ కలిసి సైకిలు పంపుతో ట్యాంకరు టైరుకి గాలి కొట్టబోయారు. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నానికి టైరు ఉబ్బలేదు కానీ దస్తగిరి నడుము పట్టేసింది.

"మద్దిలేటన్నా, ఇంక నా వల్ల కాదు. నా ఊపిరితోనే నింపుతాండా దీన్ని" అని దస్తగిరి పంపు కింద పడేసి నేల మీద పడుకున్నాడు.

అలా చలికాలం గడిచేలోపు ఒక్కొక్క ట్యాంకరే కుంగుతూ వచ్చింది. ఒకటో నంబరూ, నాలుగో నంబరూ అయితే కడుపు నిండా నీళ్ళతోనే కూలబడిపోయాయి. ఏ వీధి నీళ్ళు ఆ వీధిలోనే దించాలని నిబంధన, కనుక దించే దిక్కులేదు, కదిపే దిక్కులేదు. సున్నపుబట్టీల వీధిలో శుక్రవారం వచ్చింది, పోయింది. సుంకులమ్మ బిందెలు గడప ముందు తళతళలాడుతూ బోర్లా పడున్నాయి.

"ఏమయ్యో, పద్దెనిమిదేండ్లు ఊరందరి టైర్లకూ గాలి కొట్నావు. ఇంటికి నీళ్ళు తెచ్చే ఆ ఒక్క బండికి కొట్టనీకి చేతకాల్యా?"

"కొట్టగూడదంట మే. ఆ గాలి నీళ్ళోళ్ళదంట."

"నీళ్ళోళ్ళకి గాలెందుకు?"

"నీళ్ళు తీసేదానికి."

"ఎన్ని నీళ్ళు?"

మద్దిలేటి నేల చూపులు చూస్తూ చూపుడు వేలూ బొటనవేలూ దగ్గర పెట్టి చూపించాడు. సుంకులమ్మ ఒక ఖాళీ బిందె ఎత్తి అతని ముందు పెట్టింది. "రేపట్నుంచి రాళ్ళగని గుంత కాడికి నువ్వే పోవల్ల" అంది. రాళ్ళగని రెండు కోసుల దూరం. తెల్లారకముందే సైకిలుకి నాలుగు బిందెలు కట్టుకుని పోయి, ఆ పసుపు రంగు నీళ్ళు ముంచుకొచ్చి, తర్వాత షెడ్డుకి వెళ్ళి, గాలితో నిండిన మిషన్ పక్కన, గాలి లేని నీళ్ళ బండిని చూస్తూ కూర్చునేవాడు. అతనికి ఏడుపొచ్చేది. బండిలో ఐదువేల లీటర్లు ఊరికే ఉన్నాయి. తన చేతిలో పైపు ఊరికే ఉంది.

ఎండాకాలం వచ్చింది. గాలి పొడిబారింది. ఏడో గడిలో అంకె నూట అరవై నుంచి యాభైకి, యాభై నుంచి పన్నెండుకి దిగింది. మద్దిలేటి పన్నెండు అనే రాశాడు. వెంటనే మెమో వచ్చింది. ప్రజలకు నీరు అత్యవసరమైన వేసవిలోనే ఉత్పత్తి పడిపోవడానికి కారణమేమిటో మూడు రోజుల్లో తెలియజేయవలెను.

'గాలిలో తేమ లేదు' అని మద్దిలేటి ఒక్క ముక్క రాసిచ్చాడు.

కమిషనర్ గారు దాన్ని చాలాసేపు చదివారు. "కారణం దొరికింది. గాలిలో తేమ లేకపోతే తేమ పెట్టాలి" అన్నారు.

మర్నాటి నుంచి ఒకటో నంబరు ట్యాంకరు నీళ్ళు మిషన్ చుట్టూ చల్లడం మొదలైంది. అది ఎలాగూ కదలదు, ఉన్న చోటునుంచే పనికొచ్చింది. గోనె పట్టాలు తడిపి చుట్టూ వేలాడదీశారు. వట్టివేళ్ళ తడకలు కట్టారు. కరెంటు బోర్డు దగ్గర మాత్రం మద్దిలేటి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడి చుక్క పడనివ్వలేదు. బోర్డు కింద ఇటుకలు పేర్చి ఎత్తు చేసుకున్నాడు. రోజుకి నాలుగు వందల లీటర్లు చల్లితే సాయంత్రానికి మూడు వందల మిల్లీలీటర్లు దిగాయి. "పన్నెండు ఎక్కడ, మూడు వందలు ఎక్కడ! ఇరవై అయిదు రెట్లు!" అని కమిషనర్ గారు పొంగిపోయారు. నాలుగు వందల లీటర్ల మాట నివేదికలో రాలేదు. చల్లిన నీళ్ళకి ఫారంలో గడి లేదు మరి.

ఊళ్ళో నలభై నాలుగు డిగ్రీల ఎండ. తడి గోనెల మధ్య షెడ్డు మాత్రం చల్లగా ఉంది. మొదట వరదరాజులు ఒక ఫైలు పట్టుకుని పని ఉన్నట్టు వచ్చాడు. తర్వాత కుర్చీ తెచ్చుకున్నాడు. వారం తిరిగేసరికి ఆఫీసంతా అక్కడే ఉంది. జనన మరణ ధ్రువపత్రాలు కూడా అక్కడే ఇచ్చేవారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా మోటారు ఆపొద్దని ఉత్తర్వు. మోటారు కాలిపోయేలా వేడెక్కేది. మద్దిలేటి అరగంటకోసారి, "బెల్టు చూసుకోవల్ల సార్" అని కాసేపు ఆపి చల్లార్చేవాడు. ఆరుబయటికి గాలి వదులుతుంటే ఒకరోజు వరదరాజులు ఫైళ్ళు ఎగిరి మురిక్కాలవలో పడ్డాయి. ఇంకోరోజు గులకరాయి లేచి ప్యూను కన్ను పక్కన తగిలి వాచింది.

అప్పుడే కబురొచ్చింది. వాయుగంగ చూడటానికి సంచాలకులు వసుంధరాదేవి గారు స్వయంగా శుక్రవారం వస్తున్నారని. గురువారం పొద్దున కమిషనర్ గారు ఉపన్యాసం అభ్యాసం చేసుకుంటుండగా సేఫ్టీ వాల్వు బుస్సుమంది. ఆయన ఉలిక్కిపడి కాగితాలు వదిలేశారు.

"ఏమిటా చప్పుడు?"

"ఒత్తిడెక్కువైంది సార్. వాల్వు వదిలేసింది."

"అంటే కారిపోతోందన్నమాట! ఇన్నాళ్ళూ మన వనరు ఇలా కారిపోతోందా? దాన్ని తీగతో బిగించు. రేపు చప్పుడు రాకూడదు."

మద్దిలేటి అప్పటిదాకా కమిషనర్ గారి ముందు గొంతు పెంచి ఎరగడు. ఆ రోజు పెంచాడు. "అది బిగిస్తే ట్యాంకు పేల్తాది సార్! మీరు, నేను, ఈ జనమంతా ఇక్కడే కూసోనుండారు. ఎవరి పానం పోతాదో తెలీదు. నన్ను పనిలోంచి తీసేయండి, అది మాత్రం నేను బిగించను, ఇంకొకర్ని బిగించనియ్యను."

కమిషనర్ గారి ముఖం ఎర్రబడింది. "రేపటి కార్యక్రమం అయ్యాక నీ సంగతి చూస్తాను. తీగ నేనే తెస్తాను" అని లేచి వెళ్ళిపోయారు.

సాయంత్రం అందరూ వెళ్ళాక మద్దిలేటి ఒక్కడే ఫారం ముందేసుకుని కూర్చున్నాడు. రేపు శుక్రవారం. ఇంటి ముందు సుంకులమ్మ అలవాటుకొద్దీ బిందెలు తోమి పెట్టే ఉంటుంది. రేపటి తర్వాత ఈ ఉద్యోగం ఉండదు. ఏడో గడి నింపాడు. ఎనిమిదోది నింపాడు. తొమ్మిదో గడి దగ్గర కలం ఆగింది. 'సురక్షిత స్థలమున విడుదల చేసితిరా? ఎచ్చట?' ఇన్నాళ్ళూ 'ఆరుబయట' అని రాస్తున్నాడు. గోడ మీది సర్క్యులర్ దగ్గరికి వెళ్ళి ఆ పేరా మళ్ళీ చదివాడు. ఎవరికీ హాని కలుగని స్థలం. ప్యూను కన్ను గుర్తొచ్చింది. ఆరుబయట సురక్షితం ఎట్లా అవుతుంది? తను ఇన్నాళ్ళూ తప్పు రాస్తున్నాడు.

మద్దిలేటి షెడ్డు నాలుగు మూలలా చూశాడు. గాలి పోవాలి, దుమ్ము లేవకూడదు, ఎవరికీ తగలకూడదు, పోయిన గాలి పోయిన చోటే బుద్ధిగా పడుండాలి. ఒత్తిడిని ఓర్చుకునేందుకే చేసిన వస్తువు ఏదైనా ఉందా? అతని చూపు నాలుగో నంబరు ట్యాంకరు టైర్ల దగ్గర ఆగింది. ఒక్కసారి నవ్వొచ్చింది. పైపు పట్టుకుని లేచాడు.

ఆ పూట ఒత్తిడి విడుదల చెయ్యడానికి గంటన్నర పట్టింది. ఆరు టైర్లు. తొమ్మిదో గడిలో 'చేసితిని. సురక్షిత స్థలమున' అని గుండ్రని అక్షరాలతో రాశాడు.

శుక్రవారం పొద్దున షామియానా వేశారు. మిషన్‌కి పూలదండ వేశారు. వసుంధరాదేవి గారు సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాల మీదనుంచి చూసే మనిషి. కమిషనర్ గారు వాయుగంగ గురించి ముప్పావు గంట మాట్లాడి, వెండి గ్లాసులో ఆ నీళ్ళు అందించారు. ఆవిడ గ్లాసులోకి చూశారు. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. పైన నూనె ఇంద్రధనుస్సులు తిరుగుతున్నాయి.

"వనరు స్థాపకులు ముందు స్వీకరించుట మర్యాద" అన్నారు ఆవిడ.

కమిషనర్ గారు చుట్టూ చూశారు. రెండు వందల మంది చూస్తున్నారు. కళ్ళు మూసుకుని సగం గ్లాసు తాగారు. ఆయన ముఖంలో చాలా భావాలు వచ్చాయి, ఒక్కటీ నిలవలేదు.

"రుచి?"

"ఇనుము... పుష్కలంగా ఉంది మేడమ్."

అదే సమయానికి సేఫ్టీ వాల్వు బుస్సుమంది. కమిషనర్ గారి చెయ్యి జేబులోని తీగ మీదికి పోయింది. తీగ సగం బయటికొచ్చింది.

"ఆ తీగ దేనికి?"

"దండ కట్టడానికి మేడమ్."

"దండ ఆల్రెడీ కట్టబడి ఉన్నది. ఆ శబ్దము వాల్వు పనిచేయుచున్న శబ్దము. ఈ రాష్ట్రంలో అది వినపడిన మొదటి మున్సిపాలిటీ మీది" అన్నారు వసుంధరాదేవి గారు. "యంత్రము చూచు వ్యక్తి ఎవరు? రోజువారీ ఫారాలు తెండి."

మద్దిలేటి ఫారాల కట్ట తెచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఒక్కొక్క గడే చదువుతూ పోయారు. నిన్నటి ఫారంలో తొమ్మిదో గడి దగ్గర ఆగిపోయారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నూట పది మున్సిపాలిటీల వారు ఈ గడిలో 'సరి' అని వ్రాసిరి. ఒకరు 'ఔను, లేదు' అని వ్రాసిరి. సురక్షిత స్థలమును అన్వేషించినవాడవు నీవొక్కడవు. ఎచ్చట విడుదల చేసితివి?"

"టైర్లలో మేడమ్."

కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు. "మళ్ళింపు! మేడమ్, ఇది స్పష్టంగా మళ్ళింపు!"

"కూర్చోండి" అన్నారు ఆవిడ. నాలుగో నంబరు ట్యాంకరు చుట్టూ తిరిగి ఆరు టైర్లనూ వేలితో నొక్కి చూశారు. "మూసివున్నది. దృఢమైనది. దుమ్ము లేవదు. ఇది మళ్ళింపు కాదు, ఒత్తిడి విసర్జన. కానీ ఇవి నిండినవి కదా. నేటి సాయంత్రము ఎచ్చట విసర్జించెదవు?"

మద్దిలేటి అబద్ధం చెప్పే మనిషి కాదు. ఇప్పుడూ నిజమే చెప్పాడు, కాస్త ఇష్టంగా చెప్పాడు. "బండి తిరిగితే టైర్లలో గాలి తగ్గుతాది మేడమ్. సాయంత్రానికి మళ్ళీ చోటు దొరుకుతాది."

"ఖాళీ బండి తిరిగిననా, బరువుతోనా?"

"బరువుతో అయితే బాగా తగ్గుతాది మేడమ్. నీళ్ళతో నిండుగా ఉండల్ల."

"ఎట్టి దారి?"

"రాళ్ళ దారి అయితే మేలు మేడమ్. ఊళ్ళో అంతటి రాళ్ళ దారి ఒకటే ఉండాది. సున్నపుబట్టీల వీధి."

వసుంధరాదేవి గారు అక్కడే నిలబడి ఆదేశం చెప్పారు, వరదరాజులు చెమటలు కక్కుతూ రాసుకున్నాడు. గాలి యంత్రము గల ప్రతి మున్సిపాలిటీయందు నాలుగు విసర్జన వాహనములు ఉండవలెను. వాటి టైర్లయందు ప్రతిదినము ఒత్తిడి విడుదల చేయవలెను. తదుపరి సదరు వాహనములను నిండు బరువుతో, రాళ్ళు గల మార్గమున తప్పక తిప్పవలెను. యంత్రము చూచు వ్యక్తిని అతని అనుమతి లేనిదే తొలగించరాదు.

"బండిలోని నీరు ఏం చేయాలి మేడమ్?" అని వరదరాజులు అడిగాడు.

"అది బరువు. బరువు విషయము నా పరిధిలోనిది కాదు" అని ఆవిడ జీపెక్కారు.

మధ్యాహ్నం పన్నెండింటికి సున్నపుబట్టీల వీధి మొదట్లో దుమ్ము లేచింది. ముందు పిల్లలు అరిచారు, తర్వాత ఆడవాళ్ళు పరుగెత్తారు. దస్తగిరి నడుముకి తువ్వాలు కట్టుకుని, హారన్ మోగించుకుంటూ నాలుగో నంబరు బండిని ఊగిస్తూ తెచ్చాడు. బండి పక్కన సుద్దతో 'ఒత్తిడి విసర్జన వాహనము' అని రాసి ఉంది. మద్దిలేటి పక్క సీట్లోంచి దిగి పైపు విప్పాడు. నీళ్ళు ధారగా దూకాయి. ఏడు శుక్రవారాల తర్వాత మొదటి బిందె నిండుతుంటే ఆ చప్పుడు వింటూ నిలబడిపోయాడు. అతని కళ్ళూ నిండాయి.

సుంకులమ్మ పదకొండో బిందె పెడుతూ బండి మీది రాత వైపు చూసింది. "ఏంది అది?"

మద్దిలేటి మొత్తం చెప్పాడు. ఇది నీళ్ళ బండి కాదనీ, ఇవి నీళ్ళు కాదు బరువనీ, ఆఫీసు లెక్కలో ఇవాళ ఊరికి వచ్చిన నీళ్ళు గాలి మిషన్ అడుగున దిగిన మూడు వందల మిల్లీలీటర్లేననీ, అందులో అర గ్లాసు కమిషనర్ గారు తాగేశారనీ, ఆయన ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారనీ.

సుంకులమ్మ బిందె చంకనెత్తుకుంది.

"పాపం, ఆయప్పకు రెండు చెంబుల బరువు తీస్కపోయి ఇచ్చిరా" అంది.